కోతలో చతికిలబడే పాత చైన్‌సా: లోపాన్ని ఎక్కడ వెతకాలి?

సరుగుడు తోట కోతకు వచ్చినా, గాలివానకు చింతకొమ్మ విరిగి ఇంటికప్పు మీద పడినా, ఒకప్పుడు ఇద్దరు మనుషులు చెరొక వైపు పట్టుకొని లాగే రంపమే దిక్కు. నేడు చాలా గ్రామాల్లో ఆ పనిని పెట్రోలుతో నడిచే చైన్‌సా చేస్తున్నది. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస సమీపంలో తీరం దాటినప్పుడు ఉద్దానంలోని కొబ్బరి, జీడిమామిడి తోటలు నేలకొరిగాయి. సరిహద్దుకు ఆవలనున్న ఒడిశా గజపతి, గంజాం జిల్లాలకూ తీవ్ర నష్టం కలిగింది. అటువంటి వేళ దారికి అడ్డంగా పడిన మానును తొలగించడానికి ఈ యంత్రం ఎంత అవసరమో ఆ ప్రాంతీయులకు వేరుగా చెప్పనక్కరలేదు.

అయితే కొత్త యంత్రం కొనగల స్తోమత అందరికీ ఉండదు. అవసరం తీరిన తరువాత ఒకరు అమ్మినది మరొకరు కొనడం సహజం. అలా చేతులు మారిన రంపాల విషయంలో తరచుగా వినిపించే ఫిర్యాదు ఒకటే: “ఖాళీగా ఉన్నప్పుడు బ్రహ్మాండంగా అరుస్తుంది, కర్రలో పెట్టగానే దమ్ము పోతుంది.”

ఈ మాట విన్న వెంటనే చాలామంది చేసే పని, స్క్రూడ్రైవరు తీసుకొని కార్బురేటరు స్క్రూలను తిప్పడం. ఇదే అన్నిటికంటె ఖరీదైన పొరపాటు. కోతలో బలం తగ్గడానికి కారణం చాలాసార్లు మొద్దుబారిన గొలుసులోనో, దుమ్ము పట్టిన గాలి జల్లెడలోనో, ట్యాంకులోని చిన్న ఫిల్టరులోనో ఉంటుంది. ఇవి కొద్ది ఖర్చుతో సరిదిద్దదగినవి. వాటిని విడిచి స్క్రూను తిప్పితే పిస్టను గీరుకుపోయి యంత్రమే పనికిరాకుండా పోవచ్చు. కావున తేలికైన దానితో మొదలుపెట్టి కష్టమైన దానివైపు వెళ్లే క్రమాన్ని ఈ వ్యాసంలో వివరిస్తున్నాము.

పరీక్షకు ముందు జాగ్రత్త

ఏ భాగాన్ని ముట్టుకోవాలన్నా మొదట ఇంజినును ఆపి, పూర్తిగా చల్లారనివ్వాలి. స్పార్క్ ప్లగ్గు మీది తొడుగును ఊడదీసి పక్కన పెట్టాలి. గొలుసును పట్టుకునేటప్పుడు మందపాటి చేతిజోళ్లు తప్పనిసరి. పెట్రోలు ఉన్నచోట బీడీ, పొయ్యి, దీపం ఉండరాదు. పిల్లలను దూరంగా ఉంచాలి.

శబ్దం ఏమి చెబుతున్నది?

కోత సమయంలో ఇంజిను శబ్దాన్ని శ్రద్ధగా వింటే సగం పరీక్ష పూర్తయినట్లే. మూడు రకాలుగా ఉంటుంది.

మొదటిది, ఇంజిను శబ్దం గట్టిగానే ఉండి గొలుసు మాత్రం కర్రలో ఆగిపోవడం. ఇక్కడ ఇంజినులో దోషం లేదు. ఆ బలం గొలుసును చేరడం లేదు. క్లచ్ అరిగి జారుతున్నదని గాని, గొలుసును తిప్పే పళ్లచక్రం అరిగిపోయిందని గాని అనుమానించాలి. క్లచ్ దగ్గర కాలిన వాసన రావడం దీనికి మరో గుర్తు.

రెండవది, శబ్దమూ గొలుసు వేగమూ కలిసి తగ్గిపోవడం. గొలుసు మీద అవసరానికి మించిన భారం పడుతూ ఉండవచ్చు, లేదా ఇంజినుకు గాలి, పెట్రోలు చాలకపోవచ్చు. మొదట గొలుసును, తరువాత ఇంజినును చూడాలి.

మూడవది, ఐదు పది నిమిషాలు చక్కగా కోసి, ఆ తరువాత నీరసించి, కొంతసేపు విశ్రాంతి ఇస్తే మళ్లీ పుంజుకోవడం. ట్యాంకులోకి గాలి పోయే రంధ్రం మూసుకుపోయినప్పుడు, ఇంజిను అతిగా వేడెక్కినప్పుడు, నిప్పురవ్వ పుట్టించే కాయిలు వేడికి బలహీనపడినప్పుడు ఇలా జరుగుతుంది.

ఇంజినుకంటె ముందు గొలుసు

కోత కింద రాలే పొట్టును చేతిలోకి తీసుకొని చూడండి. పదునైన గొలుసు దుంగకు అడ్డంగా కోసేటప్పుడు చిన్న చిన్న పలుకుల వంటి ముక్కలను విసురుతుంది. పొట్టు పిండిలా మెత్తగా రాలుతూ ఉంటే పన్ను మొద్దుబారిందని అర్థం. పదునైన రంపం తన బరువుతోనే కర్రలోకి దిగుతుంది. పైనుంచి అదిమితే గాని దిగని రంపంతో పనిచేసే మనిషి, ఇంజిను మీద తన బలాన్ని కూడా బరువుగా మోపుతున్నాడు. అప్పుడు ఇంజిను కుంగిపోవడంలో ఆశ్చర్యం లేదు. కోత ఒక పక్కకు వంపు తిరుగుతూ ఉంటే ఒక వైపు పళ్లు రెండవ వైపు పళ్లకంటె మొద్దుగా ఉన్నాయన్నమాట.

మన ప్రాంతపు కలప పన్నును త్వరగా తినేస్తుంది. ముదిరిన చింత చేవ, ఎండిన సర్కారు తుమ్మ చాలా గట్టివి. కొబ్బరి మాను నారతో నిండి ఉండి పదునును తొందరగా పోగొడుతుంది. నేలమీద ఈడ్చిన దుంగకు అంటిన ఇసుక, ఎప్పుడో కంచెకోసం కొట్టిన మేకు ఒక్క క్షణంలో గొలుసును పాడుచేయగలవు.

పదును పెట్టడానికి గుండ్రటి ఆకురాయి కావాలి. దాని మందం గొలుసును బట్టి మారుతుంది. చిన్న రంపాలకు వచ్చే సన్నరకం త్రీ బై ఎయిట్ గొలుసుకు 4 మిల్లీమీటర్లు, పాయింట్ త్రీ టూ ఫైవ్ గొలుసుకు 4.8 మిల్లీమీటర్ల ఆకురాయి సాధారణంగా వాడతారు. పన్నుమీద గుర్తించిన కోణాన్ని అనుసరించి, చాలా గొలుసులకు ఇది 30 డిగ్రీలు, లోపలినుంచి బయటికి మాత్రమే రాయాలి. ప్రతి పన్నుకూ ఒకే లెక్కన రెండు మూడు సార్లు రాయడం మంచిది.

ఇక్కడ చాలామంది గమనించని సంగతి ఒకటి ఉంది. ప్రతి పన్నుకు ముందు ఒక చిన్న గుబ్బ ఉంటుంది. పన్ను ఎంత లోతుకు కొరకాలో నిర్ణయించేది అదే. పన్ను అంచుకంటె ఈ గుబ్బ సుమారు 0.65 మిల్లీమీటరు దిగువన ఉండటం సాధారణం. పదును పెట్టగా పెట్టగా పన్ను అరిగి గుబ్బతో సమానమైతే గొలుసు పైపైన జారుతుంది తప్ప కోయదు. అలాగని పాత యజమాని ఆ గుబ్బను మితిమీరి అరగదీసి ఉంటే పన్ను కర్రను అతిగా పట్టుకొని ఇంజినును ఆపేస్తుంది. రంపం వెనక్కి ఎగిరే ప్రమాదమూ పెరుగుతుంది. అందుచేత గొలుసు పదునుగానే ఉన్నా కోతలో ఆగిపోతుంటే ఈ గుబ్బలను కొలత పలకతో పరీక్షించాలి.

తరువాత ఇంజిను ఆపి, బ్రేకు వదిలి, చేతిజోడు వేసుకొని గొలుసును లాగి చూడాలి. అది బారుకు అడుగున ఆనుకొని ఉంటూనే చేతికి సులభంగా తిరగాలి. తిరగకపోతే గొలుసు బిగువు ఎక్కువైందని గాని, బారు గాడిలో పొట్టు గట్టిపడిందని గాని, కొసన ఉన్న చిన్న చక్రం పట్టేసిందని గాని, బ్రేకు పట్టీ పూర్తిగా వదలడం లేదని గాని గ్రహించాలి. శుభ్రం చేసి మళ్లీ బిగించినప్పుడు గొలుసును తిరగవేసి ఎక్కించడం కూడా జరుగుతుంటుంది. బారు పైభాగాన పన్ను పదును ముక్కువైపు చూస్తూ ఉండాలి.

గొలుసుకు నూనె అందుతున్నదా? తెల్ల కాగితానికి ఒక జానెడు ఎడంగా బారు కొసను నిలిపి కొద్ది క్షణాలు వేగంగా నడిపితే కాగితంమీద నూనె చార పడాలి. పడకపోతే నూనె రంధ్రం మూసుకుపోయి ఉంటుంది. ఖర్చు కలిసివస్తుందని బండిలో తీసేసిన నల్లటి నూనెను ఇందులో పోస్తుంటారు. అందులోని లోహపు రజను పంపును అరగదీస్తుంది, చర్మానికి కూడా హాని చేస్తుంది.

చివరగా బారు పొడవు. ముప్పై సీసీ ఇంజినుకు 14 లేక 16 అంగుళాల బారు తగినది. అమ్మకానికి ఆకర్షణగా ఉండాలని చిన్న ఇంజినుకు పొడుగుపాటి బారు తగిలించి ఉంటే, గట్టి చింతమొద్దులో అది చతికిలబడటం యంత్రం తప్పు కాదు.

గాలి ఆడాలి

గొలుసు సవ్యంగా ఉన్నా బలం తగ్గుతుంటే ఎయిర్ ఫిల్టరును తీసి వెలుగుకు అడ్డంగా పట్టి చూడాలి. సన్నని పొట్టు, నూనె జిడ్డు కలిసి దానిమీద పొరలా పేరుకుంటాయి. గాలి తగ్గినకొద్దీ పెట్రోలు పాలు పెరిగి, ఇంజిను నల్లపొగ వదులుతూ మందగిస్తుంది. గోరువెచ్చని సబ్బునీటితో కడిగి, పూర్తిగా ఆరిన తరువాతనే బిగించాలి. ఫిల్టరు తీసేసి కోయడం ఎంతమాత్రం తగదు. లోపలికి పోయే దుమ్ము సిలిండరును ఆకురాయిలా గీకుతుంది.

స్టార్టరు మూతను విప్పి, సిలిండరు చుట్టూ ఉన్న రెక్కల నడుమ చేరిన పొట్టును కూడా కుంచెతో దులపాలి. ఈ రెక్కలు మూసుకుంటే వేడి బయటికి పోదు. కొంతసేపటికి నీరసించే రంపాలకు ఇదొక ముఖ్య కారణం.

పెట్రోలు అందాలి

ఖాళీగా బాగా తిరిగే ఇంజిను భారం పడగానే ఎందుకు ఆగిపోతుంది? బిందె నింపడానికి సరిపోయే ధార పొలం తడపడానికి చాలదు కదా! ఖాళీగా తిరిగే ఇంజినుకు కొద్ది పెట్రోలు చాలు. కర్రను కోసేటప్పుడు దానికి ఎక్కువ కావాలి. దారిలో ఎక్కడ చిన్న అడ్డంకి ఉన్నా అప్పుడే బయటపడుతుంది.

ట్యాంకు లోపల గొట్టం చివర ఒక చిన్న ఫిల్టరు ఉంటుంది. కొస వంచిన తీగతో దాన్ని మూతినుంచి బయటికి లాగవచ్చు. నల్లబడి ఉంటే కడగడంకంటె మార్చడమే మేలు. అదే సమయంలో గొట్టాన్ని వేళ్లతో వంచి చూడాలి. పాత గొట్టంలో సన్నని పగుళ్లు ఉంటే పెట్రోలుతోబాటు గాలినీ పీల్చుకుంటుంది.

పెట్రోలు విషయంలో ఇప్పుడు మరింత జాగ్రత్త అవసరం. 2025 నాటికి దేశంలోని బంకుల్లో 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు సాధారణమైపోయింది. పాత రంపాల వివరణ పుస్తకాల్లో చాలావాటిలో 10 శాతానికి మించరాదని ఉంటుంది. ఇథనాల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. నీరు హెచ్చితే అది పెట్రోలునుంచి విడిపోయి అడుగుకు చేరుతుంది. పాత రబ్బరు గొట్టాలను, కార్బురేటరులోని పలుచని పొరలను కూడా అది పాడుచేయగలదు. నెలల తరబడి డబ్బాలో ఉన్న పెట్రోలును గాజుసీసాలో పోసి కదపకుండా ఉంచితే అడుగున వేరుగా పొర కనబడవచ్చు. అటువంటిదాన్ని వాడరాదు. అవసరమైనంతే కలుపుకొని నెలలోపల ఖర్చుచేయడం, పని లేని కాలంలో ట్యాంకును ఖాళీచేసి ఇంజిను తనంతట ఆగేవరకు నడపడం మంచి అలవాట్లు.

నూనె పాలు కూడా ముఖ్యమే. మేలురకం టూస్ట్రోక్ నూనెతో చాలా రంపాలకు 50 పాళ్ల పెట్రోలుకు 1 పాలు నూనె, అంటే 5 లీటర్లకు 100 మిల్లీలీటర్లు. కొన్ని రంపాలకు 25 పాళ్లకు 1 పాలు, అంటే 5 లీటర్లకు 200 మిల్లీలీటర్లు కలపాలని ఉంటుంది. యంత్రం పుస్తకంలో ఉన్నదే ప్రమాణం. నూనె తగ్గితే పిస్టను పట్టేస్తుంది. మరీ ఎక్కువైతే మసి పేరుకుంటుంది. మోటారు సైకిలు ఫోర్‌స్ట్రోక్ ఇంజిను నూనె ఇందుకు పనికిరాదు.

ట్యాంకుకూ ఊపిరి కావాలి. పెట్రోలు తగ్గినకొద్దీ ఆ ఖాళీలోకి గాలి చేరాలి. ఆ దారి మూసుకుపోతే లోపల పీడనం తగ్గి పెట్రోలు కదలదు. రంపం నీరసించిన వెంటనే ఇంజినును ఆపి, కొంత చల్లారాక మూతను మెల్లగా వదులు చేయండి. గాలి లోపలికి పీల్చుకున్న చప్పుడు వచ్చి, మళ్లీ బిగించి నడిపితే కొంతసేపు బాగా పనిచేస్తే, దోషం ఆ గాలి రంధ్రంలోనిదే.

ప్లగ్గు, సైలెన్సరు

స్పార్క్ ప్లగ్గు ఇంజిను ఆరోగ్యాన్ని చెప్పే నాలుక వంటిది. కాఫీపొడి రంగులో ఉంటే లోపల అంతా సవ్యమే. నల్లగా తడిగా ఉంటే పెట్రోలో నూనెయో ఎక్కువ, లేదా గాలి తక్కువ. తెల్లగా కాలినట్లుంటే పెట్రోలు చాలడం లేదు, అంటే ఎక్కడో గాలి చొరబడుతున్నదన్న అనుమానం కలగాలి. తెల్లటి ప్లగ్గు కనబడితే కారణం తెలిసేదాకా ఆ రంపంతో కోయవద్దు. ప్లగ్గు మొనల నడుమ ఎడం చాలా రంపాలకు 0.5 మిల్లీమీటరు.

సైలెన్సరు నోటివద్ద కొన్ని రంపాలకు సన్నని జల్లెడ ఉంటుంది. మసితో అది మూసుకుపోతే పొగ బయటికి పోలేక ఇంజిను లోలోపలే ఉక్కిరిబిక్కిరవుతుంది. చల్లారిన తరువాత జల్లెడను విప్పి తీగ కుంచెతో శుభ్రం చేసి మళ్లీ బిగించాలి. నిప్పురవ్వలను ఆపేది అదే గనుక ఎండుగడ్డి ఉన్న తోటల్లో అది లేకుండా పనిచేయరాదు.

కార్బురేటరును చివరకు ఎందుకు ముట్టుకోవాలి?

ఒక ఉదాహరణ చూద్దాం. ఎయిర్ ఫిల్టరు మూసుకుపోయి రంపం మందగించింది. యజమాని ఫిల్టరును చూడక, ‘హెచ్’ అని గుర్తున్న స్క్రూను కుడివైపుకు తిప్పి పెట్రోలు తగ్గించాడు. గాలికి తగినట్లు పెట్రోలు కూడా తగ్గింది గనుక రంపం కొంత తేరుకున్నది. వారం తరువాత ఎవరో ఫిల్టరును కడిగారు. ఇప్పుడు గాలి పూర్తిగా వస్తున్నది, పెట్రోలు మాత్రం తక్కువే. ఈ ఇంజినుకు పెట్రోలుతోనే నూనె చేరుతుంది. పెట్రోలు తగ్గితే నూనె తగ్గినట్లే, వేడి పెరిగినట్లే. రంపం మునుపటికంటె చురుకుగా అరుస్తుంది, యజమాని సంతోషిస్తాడు. గట్టి మొద్దును కోస్తున్నప్పుడు పిస్టను సిలిండరును పట్టేస్తుంది. రెండు వందల రూపాయల లోపు పనిని చూడక యంత్రాన్నే పోగొట్టుకోవడం ఇలాగే జరుగుతుంది.

కావున ముందు చెప్పినవన్నీ సరిచేసిన తరువాతనే కార్బురేటరు దగ్గరికి వెళ్లాలి. స్క్రూ ఎక్కడ ఉన్నదో గుర్తు పెట్టుకోవాలి. తిప్పినా ఒక్కసారికి ఎనిమిదో వంతు చుట్టుకు మించరాదు. సరైన అమరికలో రంపం ఖాళీగా పూర్తి వేగంతో నడిచినప్పుడు శబ్దం కొద్దిగా గరగరమంటుంది. కర్రలో దిగగానే ఆ గరగర పోయి శబ్దం శుభ్రపడుతుంది. ఖాళీగా ఉన్నప్పుడే ఈలవేసినట్లు సన్నగా కీచుమంటే పెట్రోలు తక్కువైందని తెలుసుకొని వెంటనే ఆపాలి. ఈ పరీక్షను కొద్ది క్షణాలకు మించి చేయరాదు.

స్క్రూ సరిగానే ఉన్నా ఫలితం లేకపోతే, కార్బురేటరు లోపలి చిన్న జల్లెడలో మలినం చేరి ఉండవచ్చు, లేదా పలుచని రబ్బరు పొర బిరుసెక్కి ఉండవచ్చు. ఇవి విడిగా కిట్టు రూపంలో దొరుకుతాయి. ఆ పనిని తెలిసిన మెకానిక్కు చేతనే చేయించడం మంచిది.

ఇంజిను లోపలి అరుగుదల

ఇంజిను ఆపి, స్టార్టరు తాడు పిడిని పట్టుకొని రంపాన్ని మెల్లగా పైకి ఎత్తండి. ఆరోగ్యంగా ఉన్న ఇంజిను కొంతసేపు ప్రతిఘటించి, ఆగి ఆగి దిగుతుంది. తాడు అడ్డూ ఆపూ లేకుండా సాగి రంపం జారిపోతే కంప్రెషను పోయింది. సైలెన్సరు విప్పి ఆ రంధ్రంగుండా చూస్తే పిస్టను కనబడుతుంది. నున్నగా ఉంటే మంచిది. నిలువు గీతలు ఉంటే ఒకసారి పట్టేసిన ఇంజిను అని అర్థం. ఖాళీగా ఉన్నప్పుడు వేగం తనంతట హెచ్చుతూ తగ్గుతూ ఉండి, రంపాన్ని పక్కకు వంచితే మారుతూ ఉంటే లోపలి సీళ్లద్వారా గాలి చొరబడుతున్నదని అనుమానించాలి. ఈ స్థితిలో స్క్రూలతో సర్దుబాటు చేయడం వల్ల ప్రయోజనం లేదు.

పాత రంపాన్ని కొనదలచినవారు ఈ తాడు పరీక్షను, పిస్టను పరీక్షను బేరానికి ముందే చేయాలి. ఖాళీగా అరిపించి చూపితే చాలదు. ఒక గట్టి మొద్దును తెప్పించి కనీసం పది నిమిషాలు కోయించి చూడాలి. అమ్మేవారు అందుకు ఒప్పుకోకపోతే వెనుదిరగడమే ఉత్తమం.

మెకానిక్కుకు ఏమని చెప్పాలి?

సరిహద్దు గ్రామాల వారికి దగ్గరలో ఉన్న దుకాణం హోసూరులో ఉండవచ్చు, బళ్లారిలో ఉండవచ్చు, బరంపురంలో ఉండవచ్చు. మెకానిక్కు భాష తమిళమో, కన్నడమో, ఒడియానో కావచ్చు. “బలం లేదు” అన్న ఒక్క మాట ఏ భాషలో చెప్పినా ఉపయోగం తక్కువ. గొలుసు ఆగినప్పుడు ఇంజిను శబ్దం ఉన్నదా తగ్గిందా, ఎన్ని నిమిషాలకు నీరసిస్తున్నది, పొగ రంగు, ప్లగ్గు రంగు ఏమిటి, ఇంతవరకు ఏయే భాగాలు శుభ్రం చేశారు అనే సంగతులు చెప్పగలిగితే అనవసరంగా సామాను మార్చే పరిస్థితి తప్పుతుంది. తీసిన పాత ప్లగ్గును, ఫిల్టరును వెంట తీసుకొని వెళ్లడం ఇంకా మంచిది. వాటిని చూపడానికి భాషతో పనిలేదు.

చివరిగా ఒక మాట. బలం తగ్గిన రంపం నష్టమే కాదు, అపాయం కూడా. మొరాయించే రంపాన్ని మనిషి బలవంతంగా అదుముతాడు, అలసిపోతాడు, పట్టు సడలుతుంది. బారు కొస దేనికైనా తగిలి రంపం ఒక్కసారిగా ముఖంవైపు ఎగిరేది సరిగ్గా అటువంటప్పుడే. కోత కష్టమైందని తోచగానే ఆపి, నీడలో కూర్చొని గొలుసుకు పదును పెట్టండి. ఆ పావుగంట ఆలస్యం పని చెడగొట్టదు, యంత్రాన్నీ మనిషినీ కాపాడుతుంది.